ఒక్క చుక్క రక్తంతో చిప్ మీద అన్ని టెస్టులూ అవుతాయా? ల్యాబ్-ఆన్-చిప్ ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగినవారు సంగారెడ్డి దగ్గర ఒక కాలేజీలో మెకానికల్ బీటెక్ మూడో సంవత్సరం. ప్రశ్న క్లుప్తంగా ఇది: "వేలికి సూది గుచ్చి తీసిన ఒక్క చుక్కతో గోరంత చిప్ మీద రక్త పరీక్షలన్నీ చేసేయొచ్చని వీడియోల్లో చెబుతున్నారు. ఒక్క చుక్కతో టెస్టులు చేస్తామని చెప్పిన అమెరికా కంపెనీ థెరానోస్ కథ కూడా చదివాను. అసలు ఇందులో నిజమెంత? నాకు ఎంటెక్ ఇదే లైన్‌లో చేయాలని ఉంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా రక్తంలో క్యాన్సర్ కణాలను పట్టే చిప్ చేద్దామనుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఉండి ఇవన్నీ కుదురుతాయా?"

సూటిగా చెప్తాను. కొన్ని టెస్టులకు ఒక్క చుక్క హాయిగా సరిపోతుంది. చాలావాటికి చాలదు. చాలనప్పుడు తప్పు చిప్‌ది కాదు, మనం వెతికేది ఆ చుక్కలో లేదంతే. ప్రాజెక్టు కుదురుతుంది, హైదరాబాద్‌లో బాగానే కుదురుతుంది, కానీ క్యాన్సర్ కణాల చిప్ మాత్రం ఇప్పుడు వద్దు. నేను పదేళ్లకు పైగా మైక్రోఫ్లూయిడిక్స్ పనిలోనే (చిప్ మీద సన్నని కాలువల్లో ద్రవాలను నడిపించే పని) ఉన్నాను, ముందు యూనివర్సిటీ ల్యాబ్‌లో, తర్వాత శామీర్‌పేట వైపు ఒక చిన్న డయాగ్నస్టిక్స్ కంపెనీలో. ఈ ఫీల్డ్‌లోకి వచ్చే పిల్లలందరూ చిప్ డిజైన్ దగ్గర మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది శాంపిల్ దగ్గర. నేను చెప్పదలచుకున్నది అదే, మిగతాదంతా దానికి కారణాలు.

ముందు లెక్క చూద్దాం. వేలి నుంచి వచ్చే చుక్క సుమారు 20 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది (మైక్రోలీటర్ అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు). ఒక్క మైక్రోలీటర్ రక్తంలో ఎర్రకణాలు 40, 50 లక్షలు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగు లక్షలు, తెల్లకణాలు 4 వేల నుంచి 11 వేలు. అంటే సీబీపీ చేయడానికి కణాల పరంగా ఒక్క మైక్రోలీటరే ఎక్కువ. లెక్కపెట్టే పనిలో ఒక నియమం ఉంది, ఎన్ని దొరికాయో దాని వర్గమూలం అంత అటూ ఇటూ ఊగుతుంది. 10 వేల కణాలు లెక్కపెడితే వంద అటూ ఇటూ, అంటే ఒక శాతం, ఏ డాక్టరుకూ ఇబ్బంది లేదు. అదే నాలుగు కణాలు దొరికితే రెండు అటూ ఇటూ, అంటే సగానికి సగం తేడా. ఎంత గొప్ప చిప్ చేసినా, ఎంత మంచి కెమెరా పెట్టినా ఈ ఊగిసలాట తగ్గదు. ఎక్కువ రక్తం తీసుకుంటేనే తగ్గుతుంది.

ఇప్పుడు మీరు అనుకున్న క్యాన్సర్ కణాల సంగతి. అమెరికాలో ఎఫ్‌డీఏ 2004లో అనుమతించిన సెల్‌సెర్చ్ అనే పద్ధతి ఒకటుంది. అది ఒక్కో పరీక్షకు 7.5 మిల్లీలీటర్ల రక్తం తీసుకుంటుంది. ఇతర అవయవాలకు పాకిన రొమ్ము క్యాన్సర్‌లో అంత రక్తానికి ఐదు లేదా అంతకంటే ఎక్కువ క్యాన్సర్ కణాలు కనిపిస్తే పరిస్థితి గడ్డుగా ఉందని లెక్క. అంత ముదిరిన జబ్బులో కూడా గీత గీసింది ఐదు కణాల దగ్గర! ఆ 7.5 మిల్లీలీటర్లను 50 మైక్రోలీటర్ల చుక్కలుగా విడదీస్తే 150 చుక్కలు. ఐదు కణాలను వాటిలో పంచితే ముప్పై చుక్కలకు ఒక కణం. మీరు తీసిన చుక్కలో అది ఉండదు, దాదాపు ఖాయంగా. పైగా అదే గొట్టంలో ఎర్రకణాలు మూడున్నర వేల కోట్లకు పైగా ఉంటాయి, వాటి మధ్య నుంచి ఆ ఐదింటినీ చెడిపోకుండా బయటికి తీయాలి.

మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు 2007లో 78 వేల సూక్ష్మ స్తంభాలున్న చిప్ చేసి, వాటికి యాంటీబాడీ పూత పూసి, ఈ కణాలను పట్టి చూపించారు. గొప్ప పని, సందేహం లేదు, ఆ ఫొటోలు చూసే చాలామంది ఈ లైన్‌లోకి వచ్చారు. కానీ వాళ్లు కూడా చుక్కతో చేయలేదు, మిల్లీలీటర్లకు మిల్లీలీటర్లు పంపించారు. మన దగ్గర స్టూడెంట్ ప్రాజెక్టుల్లో ఏం జరుగుతుందంటే, ల్యాబ్‌లో పెంచిన క్యాన్సర్ కణాలను లక్షల్లో బఫర్ ద్రావణంలో (రక్తంలో కాదు) కలిపి చిప్‌లోకి వదులుతారు, తొంభై శాతం పట్టుకున్నామని పోస్టర్ మీద రాస్తారు. పెంచిన కణాలు పెద్దవి, అన్నీ ఒకేలా ఉంటాయి, యాంటీబాడీ అతుక్కునే ప్రోటీన్ వాటి ఒంటి నిండా ఉంటుంది. రోగి రక్తంలో తిరిగేవి అలా ఉండవు, కొన్నింటి మీద ఆ ప్రోటీన్ అసలే ఉండదు. కాబట్టి ఆ తొంభై శాతానికి ఆసుపత్రిలో విలువ లేదు. ఏడాది కష్టం దాని మీద పెట్టొద్దని అందుకే అంటున్నాను.

సెప్సిస్ (ఒళ్లంతా దెబ్బతీసే ఇన్ఫెక్షన్) కూడా ఇలాంటిదే. రక్తంలో బ్యాక్టీరియా మిల్లీలీటరుకు ఒకటి కూడా ఉండని సందర్భాలు ఉన్నాయి, అందుకే బ్లడ్ కల్చర్ బాటిల్‌కు పెద్దవాళ్ల దగ్గర ఎనిమిది, పది మిల్లీలీటర్లు లాగుతారు. మలేరియా దీనికి పూర్తిగా ఎదురు. జ్వరంతో వచ్చిన మనిషి రక్తంలో మైక్రోలీటరుకు వందలు, వేలు పరాన్నజీవులు ఉంటాయి, మంచి టెక్నీషియన్ అయితే మైక్రోలీటరుకు యాభై ఉన్నా థిక్ స్మియర్‌లో (గాజు స్లైడు మీద మందంగా పూసిన రక్తంలో) పట్టేస్తారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూసింది కూడా మామూలు మైక్రోస్కోపుతోనే. షుగర్ టెస్టుకు చుక్కలో పదో వంతు కూడా అక్కర్లేదు, గ్లూకోజ్ అణువులు కోటానుకోట్లు ఉంటాయి. హెచ్ఐవీ వైరల్ లోడ్ మధ్యలో ఉంటుంది. మందులు సరిగ్గా పనిచేస్తున్న మనిషిలో మిల్లీలీటరుకు 50 కాపీల కంటే తక్కువ, అంటే మీ చుక్కలో రెండో మూడో, ఒక్కోసారి సున్నా.

ఏ టెస్టు గురించి విన్నా మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే: నేను వెతికేది ఒక మైక్రోలీటర్‌లో ఎన్ని ఉంటుంది? జవాబు వందల్లో ఉంటే చిప్ గురించి ఆలోచించండి. ఒకటి కంటే తక్కువైతే ముందు ఎక్కువ శాంపిల్ ఎలా తెస్తారో, దాన్ని ఎలా చిక్కబరుస్తారో ఆలోచించండి.

థెరానోస్ విషయం రెండు ముక్కల్లో. 2003లో పెట్టారు, 2015లో పత్రికలు లోపలి సంగతులు బయటపెట్టాయి, 2018లో మూతపడింది, పెట్టుబడిదారులను మోసం చేసినట్టు 2022లో అమెరికా కోర్టులో రుజువైంది. ఇంజినీరుగా మనకు పనికొచ్చే సంగతి ఇది: వాళ్ల సొంత యంత్రం చేయలేని టెస్టుల కోసం వేలి రక్తాన్ని పల్చన చేసి వేరే కంపెనీల పెద్ద అనలైజర్లలో పెట్టారు. పల్చన చేస్తే కొలవాల్సిన పదార్థం యంత్రం కొలవగల హద్దు కిందికి జారిపోతుంది, అప్పుడు వచ్చే అంకెకు అర్థం ఉండదు. ఆ అంకెల మీద ఆధారపడి మందులు మార్చుకున్న మనుషులు ఉన్నారు. నాకు ఇప్పటికీ కోపం వచ్చేది అక్కడే.

రెండో చిక్కు ఆ చుక్కే. ఇది పుస్తకాల్లో పెద్దగా రాయరు, శాంపిల్ కలెక్షన్ దగ్గర ఒక పూట నిలబడితే కనిపిస్తుంది. చలికాలం పొద్దున్నే వచ్చిన ముసలావిడ వేళ్లు చల్లగా, గట్టిగా ఉంటాయి, పొలం పనో పాచి పనో చేసిన చేతులైతే చర్మం మందంగా ఉంటుంది. లాన్సెట్ గుచ్చితే ఆవగింజంత చుక్క వచ్చి ఆగిపోతుంది. వెనక లైన్ పెరుగుతుంటుంది. టెక్నీషియన్ ఏం చేస్తారు, వేలి కొసను పట్టుకుని పిండుతారు. పిండగానే రక్తంతో పాటు కణజాలంలో కణాల మధ్య ఉండే నీరు కూడా వచ్చి కలుస్తుంది, హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది. కొన్ని ఎర్రకణాలు పగులుతాయి. ఎర్రకణం లోపల పొటాషియం బయట ప్లాస్మాలో కంటే పాతిక రెట్లకు పైగా ఉంటుంది, కాబట్టి కొద్ది కణాలు పగిలినా పొటాషియం రిపోర్టు నమ్మలేం. లాన్సెట్ గుచ్చే ముందు చేతిని కాసేపు వేడి చేసి, మొదటి చుక్క తుడిచేసి, పిండకుండా రెండో చుక్క తీసుకోవాలని పద్ధతి. రోజుకు వందల మంది వచ్చే చోట ఆ పద్ధతి ఎంతవరకు నడుస్తుందో మీరే వెళ్లి చూడండి.

అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 2015లో ఒకే మనిషి వేలి నుంచి వరుసగా వచ్చే చుక్కలను విడివిడిగా కొలిచారు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చుక్క చుక్కకూ మారుతున్నాయి. సిర నుంచి తీసిన రక్తానికి ఉన్నంత నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది చుక్కల సగటు తీసుకోవాల్సి వచ్చింది.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి, మన దేశంలో రక్తహీనత లెక్కలే దీని మీద ఆధారపడ్డాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనత ఉందని వచ్చింది. ఆ సర్వేలో వేలి చుక్కను చిన్న ప్లాస్టిక్ క్యువెట్‌లోకి పీల్చి, చేతిలో పట్టే మీటరులో పెట్టి కొలిచారు. మీటరు మంచిదే, పది మైక్రోలీటర్లతో నిమిషంలో హిమోగ్లోబిన్ చెప్పే అలాంటి సాధనం ఇంటింటి సర్వేకు వరం. చర్చ అంతా చుక్క గురించి నడిచింది, వేలి రక్తంతో రక్తహీనత అసలు కంటే ఎక్కువ కనిపిస్తోందా అని. చివరికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన ఆహార, బయోమార్కర్ల సర్వేకు సిర నుంచి తీసిన రక్తమే వాడాలని నిర్ణయించారు. ఒక చుక్క ఎలా తీశారన్న దాని మీద కోట్ల మందికి ఐరన్ మాత్రలు ఇచ్చే పథకం ఆధారపడింది. చిప్‌లు చేసేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ తలుచుకుంటే చాలు.

మరి అన్నీ చిక్కులే అయితే చిన్నది చేయడం ఎందుకు? లాభాలు ఉన్నాయి, నిజమైనవి. నేను ఈ పని వదలకుండా చేస్తున్నది అందుకే.

మొదటిది టైం. యాంటీబాడీ లాంటి ప్రోటీన్ అణువు నీటిలో ఎవరూ తోయకుండా తనంతట తాను కదిలి వెళ్లడానికి పట్టే సమయం దూరం వర్గంతో పెరుగుతుంది. వంద మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటడానికి రెండు నిమిషాలు పడితే, మిల్లీమీటరు దాటడానికి మూడు గంటలు దాటుతుంది. పెద్ద ల్యాబ్‌లో యాంటీబాడీలతో చేసే ఎలైజా పరీక్ష ప్లేటును గంటసేపు అలా ఉంచేది ఎందుకంటే అణువులు గోడ దాకా రావాలి. కాలువ సన్నగా చేస్తే అదే పని నిమిషాల్లో అయిపోతుంది. ఇది ఊరికే వచ్చే లాభం, భౌతికశాస్త్రం ఇచ్చినది.

రెండోది ప్రవాహం. అంత సన్నని కాలువలో సుడులు ఉండవు. ఎర్ర రంగు నీళ్లు, నీలం రంగు నీళ్లు పక్కపక్కన వదిలితే కాలువ చివరిదాకా గీత గీసినట్టు విడిగానే వెళ్తాయి. కణాలను పరిమాణాన్ని బట్టి పక్కకు జరపడం, ఒక కణం వెనక ఒకటి వరుసలో నడిపించడం దీనివల్లే సాధ్యం. మీరు మెకానికల్ కాబట్టి రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో సుడులు వస్తాయో లేదో చెప్పే అంకె) మీకు తెలుసు, ఇక్కడ అది తరచుగా ఒకటి కంటే తక్కువ. ఒక కణం వెనక ఒక కణం అన్నది కొత్త ఆలోచన కూడా కాదు. సన్నని రంధ్రం గుండా కణం వెళ్లినప్పుడు కరెంటులో వచ్చే తేడాను లెక్కపెట్టే పద్ధతికి వాలెస్ కౌల్టర్‌కు 1953లోనే పేటెంటు వచ్చింది. మన గల్లీ చివర ల్యాబ్‌లో డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టే సీబీపీ మెషిన్లలో చాలావాటి లోపల ఉన్నది ఆ సూత్రమే.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: ఒక్కో కణాన్ని విడిగా అడగగలగడం. ఆరోగ్యంగా ఉన్న ఎర్రకణం అడ్డంగా ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది, అయినా మూడు మైక్రాన్ల సందులోంచి మడతపడి దూరి వెళ్లిపోతుంది. మలేరియా పరాన్నజీవి లోపల పెరుగుతున్న కొద్దీ అదే కణం బిరుసెక్కుతుంది, సందు మొదట్లో ఇరుక్కుపోతుంది, వెనక వచ్చే కణాలు దాని మీద పేరుకుంటాయి. చిప్ మీద ఇది కళ్లారా చూడొచ్చు. మెదడు మలేరియాలో సన్నని రక్తనాళాలు ఎందుకు మూసుకుపోతాయో అర్థం కావడానికి ఆ వీడియో ఒక్క నిమిషం చూస్తే చాలు. సగటు తీసే పెద్ద మెషిన్‌కు ఈ బిరుసు కణం కనిపించదు.

ఇదే దారిలో ఇంకాస్త ముందుకు వెళ్తే చుక్కల పద్ధతి వస్తుంది, నూనెలో నానోలీటర్ చుక్కలు చేసి ఒక్కో చుక్కలో ఒక్కో కణాన్ని బంధించి, అందులో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడివిడిగా చదవడం. 2015లో హార్వర్డ్ బృందం ఇలా ఎలుక రెటీనా కణాలు 44 వేలకు పైగా చదివింది. నా అభిప్రాయం ఏమిటంటే, చిన్న సాధనాలు ఇప్పటిదాకా ఎక్కువ గెలిచింది కణాలను అర్థం చేసుకోవడంలో. వ్యాధి నిర్ధారణలో గెలుపులు తక్కువ, ఉన్నవి మాత్రం గట్టివి.

ఆ గట్టివాటిలో మన దేశానిదే ఒకటి ఉంది. ట్రూనాట్ పేరు విని ఉంటారు. గోవాకు చెందిన మోల్‌బయో కంపెనీది, చిప్ మీద పీసీఆర్ (డీఎన్ఏను ఎన్నో కాపీలు చేసి పట్టే పద్ధతి) చేస్తుంది, బ్యాటరీతో నడుస్తుంది, గంటలో టీబీ ఉందో లేదో చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫారసు చేసింది. ఏసీ లేని, కరెంటు నమ్మకం లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నడవాలని ముందే అనుకుని చేసిన సాధనం అది. ఒకసారి దగ్గరగా చూడండి, అందులో పెట్టెలు రెండు ఉంటాయి. కఫం నుంచి డీఎన్ఏ తీయడానికి ఒక పెట్టె, చిప్ చదవడానికి ఇంకో పెట్టె. చిప్ ఉన్నది రెండో దాంట్లో, కష్టమంతా మొదటి దాంట్లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒప్పుకున్న ఇంకో టీబీ మెషిన్ జీన్‌ఎక్స్‌పర్ట్ కూడా అంతే, కఫంలో ద్రావణం కలిపి, బాగా ఊపి, పావుగంట ఆగి అప్పుడు కార్ట్రిడ్జ్‌లో పోయాలి. కఫం జిగటగా, ముద్దలు ముద్దలుగా ఉంటుంది, సన్నని కాలువలోకి దాన్ని నేరుగా పంపలేం. శాంపిల్‌ను లొంగదీసుకున్నవాళ్లే మార్కెట్‌లో నిలబడ్డారు.

చిప్ ఎలా చేస్తారన్నది మీరు అడగలేదు కానీ చెప్పకపోతే ఇది పూర్తి కాదు. 1990లో ఆండ్రియాస్ మాంజ్ బృందం మొత్తం విశ్లేషణను ఒక చిన్న పలక మీదకు తేవాలని ప్రతిపాదించినప్పుడు చేతిలో ఉన్నవి సిలికాన్, గాజు, రెండూ ఖరీదైనవి. 1998లో హార్వర్డ్‌లో వైట్‌సైడ్స్ బృందం పీడీఎంఎస్ అనే పారదర్శకమైన సిలికోన్ రబ్బరుతో కాలువలు పోతపోసి చూపించాక కాలేజీ ల్యాబులకు కూడా ఈ పని అందింది. పలచని సిలికాన్ పలక (వేఫర్) మీద ఎస్‌యూ-8 అనే, వెలుతురుతో గట్టిపడే పూతతో అచ్చు తయారవుతుంది, ఆ ఒక్కదానికీ దుమ్ము లేని క్లీన్‌రూమ్ కావాలి. తర్వాతదంతా టేబుల్ మీద పనే. పలచని తేనెలా ఉండే పీడీఎంఎస్‌కు పదింట ఒక వంతు బరువు గట్టిపరిచే ద్రావణం కలిపి, బుడగలతో తెల్లగా అయ్యేదాకా తిప్పి, వ్యాక్యూమ్‌లో పెట్టి ఆ బుడగలన్నీ పోయేదాకా ఆగాలి. అచ్చు మీద పోసి 70 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే గట్టిపడుతుంది. బ్లేడుతో కోసి, మెల్లగా ఒలిచి, గొట్టాల కోసం రంధ్రాలు పొడిచి, మామూలు సెల్లోటేపు అంటించి లాగి దుమ్ము తీసేసి, గాజు స్లైడుతో పాటు ఆక్సిజన్ ప్లాస్మాలో అర నిమిషం పెట్టి రెండింటినీ కలిపి నొక్కితే అతుక్కుపోతాయి. అతుకు సరిగ్గా పడితే రబ్బరు చిరుగుతుంది గానీ ఊడిరాదు.

ఆ టేపు అంటించే పని బద్ధకించకండి. చొక్కా నుంచి రాలిన ఒక్క నూలు పోగు పది, ఇరవై మైక్రాన్లు ఉంటుంది, మీ కాలువ వెడల్పే అంత. ఇక గాలి బుడగ అయితే ఈ రంగంలో అందరి టెన్షన్‌కూ మూలం. కాలువ మూలలో ఒక బుడగ కూర్చుందంటే ప్రవాహం పక్కకు మళ్లుతుంది, ఆ బుడగ కదిలినప్పుడల్లా గోడ మీద ఉన్న కణాలను గీకేస్తుంది. ముందు ఆల్కహాల్‌తో కాలువ తడపడం, ద్రావణంలో కరిగిన గాలి తీసేయడం, గొట్టం చివర చుక్క వేలాడుతుండగానే రంధ్రంలో పెట్టడం, ఇవి చేతికి అలవాటు కావాలి, పేపర్లలో దొరకవు. మే నెలలో ఏసీ ఆగిపోయిన గదిలో నానోలీటర్ చుక్క ఎంత త్వరగా ఆరిపోతుందో కూడా చూస్తారు.

అవయవాల చిప్ (ఒక అవయవంలా పనిచేసేట్టు కణాలను పెంచే చిప్) గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. 2010లో హార్వర్డ్‌కు చెందిన వైస్ ఇన్‌స్టిట్యూట్‌లో డొనాల్డ్ ఇంగ్బర్, డాంగూన్ హూ చేసిన ఊపిరితిత్తి చిప్‌లో సన్నని పొరకు ఒకవైపు ఊపిరితిత్తి కణాలు, రెండోవైపు రక్తనాళ కణాలు పెంచి, పక్కన వ్యాక్యూమ్‌తో ఆ పొరను ఊపిరి తీసినట్టు సాగదీశారు. అమెరికా 2022 చివర్లో, మన దేశం 2023లో మందుల పరీక్ష నిబంధనలు మార్చి జంతువులకు బదులు ఇలాంటి పద్ధతులకు కూడా దారి తెరిచాయి. ఫార్మా కంపెనీలు ఇన్ని ఉన్న ఊరు కాబట్టి హైదరాబాద్‌లో దీనికి పని ఉంటుంది. ఒక్క హెచ్చరిక: పీడీఎంఎస్ నూనెలో కరిగే రకం మందులను తనలోకి పీల్చుకుంటుంది. కణాలకు మందు ఇచ్చామనుకుంటాం, సగం రబ్బరు తినేసి ఉంటుంది. మందుల పరీక్ష చేసేటట్టయితే చిప్ నుంచి బయటికి వచ్చే ద్రవంలో మందు ఎంత మిగిలిందో కొలవకుండా ఒక్క గ్రాఫ్ కూడా గీయకండి.

ఇక మీ ప్రాజెక్టు. నా సలహా: వేలి చుక్క నుంచి ఎర్రకణాలు పగలకుండా ప్లాస్మాను వేరు చేసే చిన్న సాధనం చేయండి. వినడానికి సాదాగా ఉంటుంది, కానీ చుక్కతో చేసే టెస్టుల్లో చాలావాటికి ఇదే గుమ్మం, అక్కడే ఆగిపోయే సాధనాలు ఎన్నో. రక్తంలో నలభై, నలభై ఐదు శాతం కణాలే కాబట్టి 50 మైక్రోలీటర్లలో ప్లాస్మా మహా అయితే 30, శుభ్రంగా పది మైక్రోలీటర్లు బయటికి తీస్తే చాలా మంచి పని చేసినట్టే. పంపు లేకుండా, సెంట్రిఫ్యూజ్ లేకుండా, వడకట్టే పొర, కేశనాళిక శక్తి (సన్నని సందు ద్రవాన్ని తనంతట తానే లాక్కోవడం) రెండింటితోనే చేయాలి. మీరు చదివిన ఫ్లూయిడ్ మెకానిక్స్ అంతా ఇక్కడ పనికొస్తుంది. కణాలు పగిలాయా లేదా అన్నది ప్లాస్మాలోకి వచ్చిన హిమోగ్లోబిన్‌ను 414 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరులో చూస్తే తెలిసిపోతుంది, అంటే గెలిచారో లేదో చెప్పే అంకె మీ చేతిలోనే ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌తో తీసిన ప్లాస్మాతో పక్కపక్కన పెట్టి చూపించండి, ఏ కమిటీ అయినా ఒప్పుకుంటుంది.

దీనికి క్లీన్‌రూమ్ కూడా అక్కర్లేదు. అక్రిలిక్ షీటు, రెండు వైపులా అంటుకునే టేపు, లేజర్ కటింగ్ చాలు. రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే టీ-వర్క్స్ ఉంది, 2023లో తెరిచారు, అక్కడ అలాంటి యంత్రాలు ఉన్నాయి. సన్నని కాలువలు కావాలంటే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో మైక్రోఫ్లూయిడిక్స్ ల్యాబ్ ఉంది, కందిలో ఐఐటీ మీకు పక్కనే, బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. మెయిల్ పెట్టేటప్పుడు "మీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ కావాలి" అని ఒక్క ముక్క రాస్తే జవాబు రాదు. నేను ఫలానా పొరతో ఇంత ప్లాస్మా తీశాను, ఇక్కడ ఆగిపోయాను అని ఫొటో పెట్టి రాయండి, చదువుతారు. నిజమైన క్లీన్‌రూమ్ అనుభవం కావాలనుకున్నప్పుడు బెంగళూరు ఐఐఎస్‌సీ, ఐఐటీ బాంబేల్లో బయటి విద్యార్థులకు శిక్షణ ఇచ్చే ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉంది, దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఎంటెక్‌కు గేట్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపరు 2020 నుంచి ఉంది, అయితే మెకానికల్ పేపరు రాసినవాళ్లను కూడా తీసుకునే విభాగాలు ఉన్నాయి, కాలేజీ కాలేజీకీ చూసుకోండి.

రక్తం ఎక్కడి నుంచి తేవాలన్నది అసలు ప్రశ్న. చాలామంది కబేళా నుంచి మేక రక్తం తెచ్చుకుని మొదలుపెడతారు, గొట్టాల్లో, అతుకుల్లో లీకులు చూసుకోవడానికి అది పర్లేదు. కానీ మేక ఎర్రకణం మూడు నాలుగు మైక్రాన్లే, మనిషి కణంలో సగం. మేక రక్తంతో కుదిరిన పొర మనిషి రక్తంతో వేరేలా ప్రవర్తిస్తుంది, మేక రక్తం ఫలితాలతో మనిషి గురించి రాయకండి. మనిషి రక్తం కావాలంటే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. పరీక్ష అయిపోయాక పారేసే ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) గొట్టాల్లో మిగిలిన రక్తం, పేర్లు తీసేసి, వాడుకుంటామని అడగడం అన్నిటికంటే తేలిక. గైడ్‌తో పాటు ఒక పాథాలజీ డాక్టరును ఈ సెమిస్టర్‌లోనే వెతుక్కోండి. వాళ్ల దగ్గరికి చిప్ పట్టుకుని వెళ్లకండి, ఒక పూట కలెక్షన్ దగ్గర నిలబడి చూడటానికి అనుమతి అడగండి. సాధనం ఎవరి చేతిలో ఉంటుందో వాళ్ల చేతులకు గ్లవ్స్ ఉంటాయి, ఎదుట లైన్ ఉంటుంది, ఒక శాంపిల్‌కు రెండు నిమిషాలు కూడా దొరకవు. ఇవన్నీ మీ డిజైన్‌లో కొలతలే.

కంపెనీ పెట్టాలన్న ఆలోచన తర్వాత వస్తే బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వాళ్ల బిగ్ గ్రాంటు ఉంది, 50 లక్షల దాకా ఇస్తారు. వైద్య పరికరాల నిబంధనలు 2017 ప్రకారం మీ సాధనం ఏ క్లాసులో పడుతుందో అప్పుడు చూసుకోవచ్చు. ఇప్పుడే దాని జోలికి వెళ్లనవసరం లేదు.

ఇప్పుడు చేయాల్సింది మాత్రం ఒకటుంది. మనిషి రక్తం ముట్టుకునే ముందు హెపటైటిస్-బి టీకా పూర్తయి ఉండాలి. మూడు డోసులు, మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చిన్నప్పుడు వేయించుకున్నారేమో ఇంట్లో కార్డు వెతికించండి, లేకపోతే ఈ వారమే మొదటి డోసు వేయించుకోండి, ఫైనల్ ఇయర్ మొదలయ్యేసరికి మూడోది కూడా అయిపోతుంది. ఎథిక్స్ దరఖాస్తుకు కూడా నెలలు పడుతుంది, రెండూ ఒకేసారి మొదలుపెట్టండి. పొర ఏది కొనాలి, ఎక్కడ దొరుకుతుంది అన్న దాని మీద సందేహాలుంటే ఇక్కడే అడగండి, వివరంగా రాస్తాను.